గుడ్ల పళ్లెంలో పిస్టల్

కిందటి వారం మనం లోవెల్ ప్రూయెట్‌ని చర్చిలోని మగవాళ్ల మరుగుదొడ్డిలో, చేతులు ఖాళీగా నిలబెట్టి వదిలేశాం. ఆదివారం ఆరాధన మధ్యలో అతను లోపలికెళ్లాడు. నడుముకున్న పిస్టల్ తీసి, టాయిలెట్ కాగితం చుట్ట ఉండే డబ్బా మీద పెట్టాడు. పని చూసుకున్నాక చేతులు కడుక్కుని, టై సర్దుకుని, మళ్లీ గుమ్మం దగ్గర కాపలాకి వచ్చి నిలబడ్డాడు. పిస్టల్ మాత్రం అక్కడే ఉండిపోయింది. అందరూ భోజనాల హాల్లోకి వెళ్లాక నడుము తడుముకుని, గుండె ఆగినంత పనై పరిగెత్తాడు. డబ్బా మీద ఏమీ లేదు. లోపల కాగితం చుట్ట మాత్రం ఎవరో కొత్తది మార్చి పెట్టారు.

వారం గడిచినా లోవెల్ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పాస్టరుకీ చెప్పలేదు, షెరీఫుకీ చెప్పలేదు. చర్చి కాపలా బృందంలో తక్కిన మగవాళ్లకి ఎలా చెప్తాడు? వాళ్లకి పెద్ద తనే.

భార్య నేడీన్‌కి కూడా చెప్పలేదు. పని నుంచి రాగానే పిస్టల్‌ని ఫ్రిజ్ మీద, రొట్టెల డబ్బా పక్కన పెట్టడం అతని అలవాటు. వారం నుంచి ఆ చోటు ఖాళీ. ఇంట్లో చెంచా అటు జరిగి ఇటు వచ్చినా పసిగట్టే మనిషి, ఒక్కసారి కూడా అడగలేదు. అడగనందుకు అతను దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. ఇలాంటి దానికి కూడా దేవుణ్ణి పిలవచ్చా అని ఒక అనుమానం తలెత్తింది గానీ, దాన్ని కాఫీతోపాటు మింగేశాడు. సోమవారం పొద్దున ఆమె కుడిచేతికి కట్టు కనబడింది. ఏమైందని అడిగితే, బిస్కెట్ల పెనం తగిలి కాలిందంది. తను ఒక ప్రశ్న వేస్తే ఆమె ఇంకో ప్రశ్న వేస్తుందని భయపడి అంతటితో ఊరుకున్నాడు.

ఇక ఈ శనివారం పొద్దున అతను రాయిస్ టాకెట్ దుకాణం ముందు ట్రక్కు ఆపాడు. రేపు ఆదివారం. నడుముకి ఏదో ఒకటి లేకుండా గుమ్మం దగ్గర నిలబడలేడు. నిలబడకపోతే ఎందుకని అడుగుతారు.

రాయిస్ దుకాణంలో ఒకవైపు చేపల ఎరలు, మరోవైపు తుపాకులు. తొట్టెలో చిన్నచేపలు తిరుగుతుంటే గాలి బుడగల చప్పుడు ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. ఆ ఊళ్లో సగం మంది మగవాళ్ల నడుముల కొలతలు దర్జీకి కన్నా రాయిస్‌కే బాగా తెలుసు.

"మళ్లీ కొత్తదా? ఉన్న పిస్టల్‌కేమొచ్చింది?" అన్నాడు రాయిస్ కాఫీ కప్పు ముందుకి తోస్తూ.

"లావుగా ఉంది. కానుకల పళ్లెం అందించడానికి వంగినప్పుడు కోటు పైకి లేస్తోంది. వెనక బెంచీ వాళ్లకి కనబడుతోంది."

"లావైంది పిస్టల్ కాదులే, నువ్వు. నేడీన్ వంట మీద కేసు పెట్టు."

లోవెల్ నవ్వాడు. నవ్వడం ఇంత కష్టమైన పనని అతనికి ఇంతకు ముందు తెలియదు.

రాయిస్ అద్దాల బల్ల తెరిచి, గుడ్డ పరిచి, మూడింటిని వరసగా పెట్టాడు. ముందు అరచేతిలో దాగిపోయే బుల్లిది తీశాడు. "ఇదిగో, జేబురుమాలంత. ఎక్కడ పెట్టినా ఎవడికీ తెలీదు. కాకపోతే కాల్చినప్పుడు గాడిద తన్నినట్టుంటుంది. గురి చూడ్డానికి పైన ఉండే గుర్తు నీ కళ్లజోడుతో కూడా కనబడదు. చిన్నవాటితో వచ్చిన తంటా ఇదే. దాచుకోవడం హాయి, కాల్చడం నరకం. నలుగురిలో ముగ్గురు ఇలాంటిది కొని, ఒక్కసారి కాల్చి చూసి, సొరుగులో పడేస్తారు."

"ఆ రివాల్వరో?"

"ఐదు తూటాలు. ఆలోచించాల్సిందేమీ లేదు, ట్రిగ్గర్ లాగితే పేలుతుంది. కానీ ఆ ట్రిగ్గర్ లాగడానికి ఎద్దు బలం కావాలి. మధ్యలో ఆ గుండ్రటి బొజ్జ చూడు, కోటు మీద ఉబ్బెత్తుగా కనబడుతుంది. నీకు ఒక బొజ్జ చాలదా?" అని, మూడోదాన్ని లోవెల్ చేతిలో పెట్టాడు. "నా మాట విని ఇది తీసుకో. పలకలా ఉంటుంది. పిడి మీద చిటికెన వేలికి కూడా చోటుంది. ఆ ఒక్క వేలికీ పట్టు దొరికితే చెయ్యి వణకదు. పైగా నీ పాతదానిలా కరవదు."

లోవెల్ పాత పిస్టల్‌కి కరిచే అలవాటుంది. పిడి మరీ పైకి పట్టుకుంటే, పేలగానే వెనక్కి దూసుకొచ్చే ఇనుము బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెత్తటి చర్మాన్ని కోసేస్తుంది. లోవెల్‌కి అక్కడ ఇప్పటికీ తెల్లటి గీత ఒకటుంది.

"ఒరలో పెట్టి ప్యాంటు లోపలికి దోపు," అన్నాడు రాయిస్. "అలా మైనపు బొమ్మలా నిలబడితే కాదు, స్టూలు మీద కూర్చో. వంగు. కానుకల పళ్లెం అందించు. ఇదిగో, నేను చర్చిలో బెంచీ మీద కూర్చున్న సిస్టర్‌ని అనుకో, నాకు అందించు. చేతులు పైకెత్తు. హల్లెలూయా!"

లోవెల్ వంగాడు, లేచాడు, చేతులెత్తాడు. ఏమీ కనబడలేదు. రేపు అందరి ముందూ ఇలాగే వంగుతాడు, ఇలాగే లేస్తాడు. ఏమీ కనబడదు. ఆ ఆలోచనకే అతని చెవులు వేడెక్కాయి.

"ఆఖరి సంగతి ఒకటుంది. కొన్నవాడల్లా వినాల్సిందే, నువ్వు పాతకాపువైనా సరే," అన్నాడు రాయిస్ వేలెత్తి. "దొడ్డికెళ్లినప్పుడు ఒరలోంచి తియ్యకు. ఒరతో సహా ప్యాంటులోనే, కాళ్ల మధ్య ఉండనీ. తీసి ఎక్కడా పెట్టకు. పెట్టావా, మరచిపోతావు. మొన్న హైవే మీద పెట్రోలు బంకులో ఒక మొనగాడు కాగితం డబ్బా మీద వదిలేసి వెళ్లాడట. వెనకాల వెళ్లినవాడు అరుచుకుంటూ బయటికొచ్చాడట. నేనైతే అలాంటివాడికి నీళ్ల పిస్టల్ కూడా అమ్మను!"

తన జోకుకి తనే పగలబడి నవ్వాడు రాయిస్. లోవెల్ మళ్లీ స్టూలెక్కాడు. కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడే తలుపుకున్న గంట మోగింది.

వచ్చింది ఒలీటా గ్రిమ్స్. చర్చిలో ముప్ఫై ఏళ్లుగా పియానో వాయించే పెద్దావిడ. ఆవిడ ఆ దుకాణంలో అడుగుపెట్టడం ఎవరూ చూసి ఉండరు. చేతిలో మూతపెట్టిన పళ్లెం ఉంది. చర్చి విందులకి ఉడికించిన గుడ్లు సగానికి కోసి, మసాలా నింపి తెస్తుందే, గుడ్డు గుడ్డుకీ విడిగా గుంట ఉండే పళ్లెం, అదే.

"మిస్ ఒలీటా! మాకోసం గుడ్లు తెచ్చారా?" రాయిస్ టోపీ తీశాడు.

"నీ మొహానికి గుడ్లు కూడానా? పక్కకి జరుపు ఆ ఇనుప సామాను," అంది ఆవిడ. పళ్లెం అద్దాల బల్ల మీద పెట్టి మూత తీసింది.

గుంటల మధ్య, వంటగది తువ్వాలు మీద, లోవెల్ పిస్టల్ ఉంది. చల్లటి ఇనుము మీద మంచు చెమట పట్టి ఉంది.

"ఇదేంటి, తడిసినట్టుంది?" అన్నాడు రాయిస్.

"ఫ్రిజ్‌లో పెట్టాను. మరెక్కడ పెట్టమంటావు? చల్లగా ఉంటే పేలదేమో అనుకున్నాను. బుధవారం నుంచి అందులోనే ఉంది, వెన్న పక్కన. వెన్న తినడం మానేశాను." మాటలు తేలిగ్గానే ఉన్నాయి గానీ, ఆవిడ పళ్లేనికి ఒక అడుగు దూరంగా జరిగింది. "ముందు దీని విషం తియ్యి. తర్వాత మాట్లాడతాను."

రాయిస్ దాన్ని అందుకుని, మూతిని గోడవైపు తిప్పాడు. అంతలో అతని చెయ్యి ఆగింది. పిడికి సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టి ఉంది. అది చుట్టింది రాయిసే, ఈ బల్ల మీదే, లోవెల్ చెయ్యి జారుతోందంటే. అతను తలెత్తలేదు. తలెత్తి ఉంటే ఎటు చూసేవాడో ఒలీటాకి తెలిసిపోయేది. లోవెల్‌కి అది అర్థమైంది. స్నేహితుడు తనకోసం తల దించుకోవలసి రావడం, వారం నుంచి పడుతున్న సిగ్గుకన్నా బరువుగా తోచింది.

"ఎక్కడ దొరికింది మిస్ ఒలీటా?" అన్నాడు రాయిస్ మెల్లగా.

"నా పియానో బల్లలో. బుధవారం సాయంత్రం పాటల సాధనకి వెళ్లి, పుస్తకాలు తీద్దామని కూర్చునే బల్ల మూత ఎత్తాను. పుస్తకాల మీద పడుకుని ఉంది." ఆవిడ లోవెల్ వైపు తిరిగింది. "నువ్వు కూడా ఇక్కడే ఉండటం మంచిదైంది నాయనా. కాపలా బృందానికి పెద్దవాడివి కదా. నీకే చెప్పాలనుకున్నాను."

లోవెల్ కాఫీ కప్పు కింద పెట్టాడు. పియానో బల్లలోనా? తను పెట్టింది అక్కడ కాదే!

"ఎందుకు పెట్టారో నాకు తెలుసులే," అంది ఒలీటా. "దేవుడి ఇంట్లో తుపాకులేంటని ఆనాడు సభలో చెయ్యెత్తినదాన్ని నేనొక్కదాన్నే. వద్దన్నావుగా, ఇదిగో దీని మీద కూర్చుని వాయించు అని ఎవరో జవాబిచ్చారు. సరే. జవాబు అందింది. రేపు పొద్దున బల్ల తాళంచెవి పాస్టరు చేతిలో పెట్టేస్తాను. నేనింక ఆ బల్ల మీద కూర్చోలేను లోవెల్. కూర్చుంటే వెనక నుంచి ఎవరు చూస్తున్నారో అనిపిస్తుంది. చూసేవాళ్లంతా వాళ్ల చిన్నప్పటినుంచి నేను పాటలు నేర్పినవాళ్లే కదా!"

ఆ సభ లోవెల్‌కి బాగా గుర్తుంది. ఎక్కడో చర్చిలో కాల్పులు జరిగాయని వార్తల్లో విన్నాక, కాపలా పెట్టుకుందామని తనే లేచి చెప్పాడు. ఒలీటా ఒక్కతే కాదంది. "మిస్ ఒలీటా, మీరు పాటలు చూసుకోండి, గుమ్మం మేం చూసుకుంటాం," అన్నాడు తను. అందరూ గొల్లున నవ్వారు. ఆ మాట తర్వాత ఎన్ని భోజనాల దగ్గర తిరిగి చెప్పుకున్నాడో! నవ్వినవాళ్లనే గుర్తుపెట్టుకున్నాడు. ఆవిడ ఆ రోజు ఎలా కూర్చుందో, చేతులు ఎక్కడ పెట్టుకుందో ఇప్పుడు ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు.

"పెద్దవాడివి కాబట్టి నువ్వే చెప్పు," అంది ఒలీటా. "ఈ పని చేసినవాణ్ణి ఏం చెయ్యాలి?"

తొట్టెలో నీళ్ల బుడగల చప్పుడు పెద్దగా వినిపించింది. రాయిస్ తూటాలు తీసేసిన పిస్టల్‌ని తుడుస్తూనే ఉన్నాడు, తుడిచిందే తుడుస్తున్నాడు.

"బృందంలోంచి తీసెయ్యాలి," అన్నాడు లోవెల్. ఆ గొంతు ఎవరిదో అనిపించింది.

"అంతేనా?"

"అందరి ముందూ నిలబెట్టాలి. వాడి నోటితోనే చెప్పించాలి." ఎందుకన్నాడో అతనికే తెలియదు. కటువుగా మాట్లాడితే తన మీదికి రాదని కాబోలు. దొంగ అందరికన్నా గట్టిగా అరిచినట్టు.

ఒలీటా తల ఊపింది. "నువ్వైనా న్యాయం మాట్లాడావు. నాకది చాలు." పర్సులోంచి రుమాలు తీసుకుని ముక్కు తుడుచుకుంది. "పోలీసులకి ఇద్దామనుకున్నాను. మనసొప్పలేదు. ఎవడైనా మనవాడే కదా. రాయిస్, ఎవరికి అమ్మావో నీకు తెలిసే ఉంటుంది."

"అది నేను చెప్పే మాట కాదు మిస్ ఒలీటా." రాయిస్ ఇంకా తలెత్తలేదు. "ఆ మనిషే చెప్పుకుంటే బాగుంటుంది."

ఇప్పుడు నోరు మూసుకుంటే ఏమీ కాదు. రాయిస్ చెప్పడు. పాత పిస్టల్ ఈ దుకాణంలో ఏదో మూల పడి ఉంటుంది. కొత్తది తన నడుముకి అప్పుడే అమరిపోయింది, బరువు కూడా తెలియడం లేదు. రేపు గుమ్మం దగ్గర నిలబడి అందరితో చేతులు కలుపుతాడు. లోపల పియానో మూత వేసి ఉంటుంది. ఎవరో ఒకరు, ఒలీటాకి పెద్దతనం వచ్చిందిలే, వేళ్లు పనిచెయ్యడం లేదేమో, అంటారు. తనూ అవునంటాడు. తల కూడా ఊపుతాడు. అది తలచుకోగానే లోవెల్ స్టూలు దిగాడు. వారం రోజులుగా తను కాపాడుకుంటున్నది దేన్ని? పరువునా? ఈ ముసలావిడ తన సొంత చర్చిలో వెనక్కి తిరిగి చూసుకుంటుంటే నిలిచే పరువు ఏపాటిది?

అతను కోటు పైకెత్తి, ఒరతో సహా కొత్త పిస్టల్‌ని బయటికి తీసి బల్ల మీద పెట్టాడు.

"అది నాది, మిస్ ఒలీటా."

"ఏది?"

"మీ పళ్లెంలోది."

ఆవిడ పళ్లెంలోకి చూసి, మళ్లీ అతన్ని చూసింది. కోప్పడితే బాగుండునని లోవెల్ అనుకున్నాడు. చెంప మీద కొట్టినా బాగుండును.

"నా మీద నీకంత కోపమా నాయనా?" అంది చివరికి, చిన్నపిల్లలా.

"లేదు! దేవుడి సాక్షిగా లేదు. మీ బల్లలో నేను పెట్టలేదు. ఆదివారం దొడ్డికెళ్లినప్పుడు కాగితం డబ్బా మీద పెట్టి మరచిపోయాను. తిరిగి వెళ్లేసరికి లేదు. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కూడా, మీరు అడుగుతుంటే కూడా..." కొత్త పిస్టల్‌ని బల్ల మీద పక్కకి తోశాడు. "తీర్పు చెప్పానుగా. రేపు నిలబడతాను. నా నోటితోనే చెప్తాను."

"మరచిపోయావా?"

ఆ ఒక్క మాటకి లోవెల్‌కి తల కొట్టేసినట్టయింది. రాయిస్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇందాక నవ్వినందుకు ఇప్పుడతని మొహం కందిపోయింది.

"మరచిపోయావు," అంది ఒలీటా మళ్లీ, రుచి చూస్తున్నట్టు. "ఎవరో నా మీద పగబట్టారని మూడు రాత్రులు మోకరించాను. వాణ్ణి క్షమించే మనసు నాకివ్వమని అడిగాను. మతిమరుపు కోసం ప్రార్థించాలని నాకెలా తోస్తుంది?" ఒక్క క్షణం ఆవిడ పెదవుల చివర నవ్వులాంటిదేదో కదిలింది. వెంటనే ఆరిపోయింది. "గుమ్మం మేం చూసుకుంటాం అన్నావు లోవెల్. అందరూ నవ్వారు."

"అన్నాను."

"ఆ దొడ్డి పక్కనే పసిపిల్లల గది."

"తెలుసు."

ఆవిడ తువ్వాలు మడిచి పళ్లెంలో పెట్టింది. పళ్లెం మీద మూత సరిచేసింది. తను క్షమించానని చెప్పలేదు, క్షమించలేదని కూడా చెప్పలేదు. లోవెల్ కూడా అడగలేదు. అడిగే హక్కు తనకుందా అన్నది అతనికి తేలలేదు. అయినా వారం తర్వాత మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఇంతకన్నా కిందికి ఇక పడేది లేదనుకున్నాడు.

"లోవెల్." రాయిస్ గొంతు మారింది. పాత పిస్టల్‌ని విప్పి, దీపం కిందికి వంచి, గొట్టంలోకి చూస్తున్నాడు. "నువ్వు ప్రతి శనివారం దీన్ని శుభ్రం చేస్తావు కదూ?"

"చేస్తాను. కిందటి శనివారం కూడా చేశాను."

"తూటాలు నిండా పెడతావా?"

"నిండానే."

"ఒకటి తక్కువుంది." రాయిస్ తెల్లగుడ్డ ముక్కని గొట్టంలోకి దూర్చి లాగాడు. గుడ్డ నల్లగా వచ్చింది. "శుభ్రం చేశాక దీన్ని ఎవరో కాల్చారు."

ముగ్గురూ ఆ నల్లటి గుడ్డనే చూస్తూ నిలబడ్డారు.

"ఆదివారం దొడ్డిలో పోయింది, బుధవారం బల్లలో దొరికింది," అన్నాడు రాయిస్. "మధ్యలో ఎవరి చేతిలో ఉందో వాళ్లే కాల్చారు, వాళ్లే దాచారు. మిస్ ఒలీటా, ఆ బల్ల తెరిచే ఉంటుందా?"

"తెరిచి ఉంచితే ఇంకేమన్నా ఉందా? వేసవి సెలవుల్లో పిల్లలు అందులో బిస్కెట్లు కుక్కిన దగ్గర్నుంచి తాళం వేస్తున్నాను. బుధవారం కూడా నేను తాళం తీసే తెరిచాను." ఆవిడ మాట అక్కడ ఆగింది. తను ఏం చెప్పిందో తనకే అప్పుడు తెలిసినట్టు, నెమ్మదిగా లోవెల్ వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. జాలి ఉంది. "తాళంచెవులు రెండే. ఒకటి నా దగ్గరుంది. రెండోది, నాకు ఒంట్లో బాగాలేనప్పుడు నా బదులు వాయించే..."

"తెలుసు," అన్నాడు లోవెల్.

అతను తన కుడిచేతిని చూసుకుంటున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పాత తెల్లటి గీత. సరిగ్గా ఆ చోటే కదా, సోమవారం నుంచి నేడీన్ చేతికి కట్టు ఉన్నది. పెనం అంచు తగిలితే వేళ్ల చివర్లు కాలుతాయి. ఆ చోట ఎలా కాలుతుంది? చర్చి దొడ్లలో కాగితం చుట్టలు మార్చేది కూడా ఆమే.

ఆమె అడగలేదని వారమంతా సంతోషించాడు. ఆమె కూడా తను అడగకూడదనే కోరుకుంటూ, ఎదురుగా కూర్చుని కాఫీ పోసిందన్నమాట.

"రాయిస్," అన్నాడు, చెయ్యి మూసుకుంటూ, "మా ఇంటికి ఫోన్ చెయ్యనా? వద్దులే. నేనే వెళ్తాను." గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. నేడీన్‌ని ఏం అడగాలో తెలుసు. అడిగే మొహం మాత్రం అతని దగ్గర లేదు.